రోడ్డు ఎంతవరకు వచ్చింది?

అందరికీ నమస్కారం.

ఈ మధ్య ఎవరు కలిసినా నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. పెళ్లిలో భోజనాల దగ్గర, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు, ఆఖరికి బ్యాంకు క్యూలో కూడా. "రాయ్‌పూర్ రోడ్డు ఎంతవరకు వచ్చిందండీ?" అని. ముప్పై ఏళ్లు రోడ్ల పనిలో గడిపినవాణ్ని కాబట్టి నాకు తెలిసుంటుందని వాళ్ల నమ్మకం. ఇన్ని కిలోమీటర్లు అయిందని ఒక అంకె చెప్పేస్తే వాళ్లకు సరిపోతుంది. నాకే సరిపోదు. ఎందుకు సరిపోదో ఈ సాయంత్రం మీతో చెప్పాలని వచ్చాను. ముందు వరుసలో సాలూరు నుంచి లారీల మిత్రులు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్లు ఆ దారిని నాకంటే బాగా ఎరిగినవాళ్లు. నేను ఎక్కడైనా పొరబడితే సరిదిద్దాలి.

ముందు లెక్కలు చెప్పేస్తాను. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి ఆరు వరుసల రహదారి. పాత రోడ్డును వెడల్పు చేయడం లేదు, పొలాల మీదుగా, కొండల మీదుగా పూర్తిగా కొత్త దారి వేస్తున్నారు. జాతీయ రహదారి 130సీడీ అని దాని నంబరు. మొత్తం పొడవు దాదాపు 465 కిలోమీటర్లు. అందులో ఛత్తీస్‌గఢ్ వాటా 125, ఒడిశా వాటా 240, మన ఆంధ్రప్రదేశ్‌ది 100 కిలోమీటర్లు. ఇప్పుడు లారీలు తిరిగే దారి 597 కిలోమీటర్లు. అంటే 132 కిలోమీటర్లు కలిసొస్తుంది. ఖర్చు 16 వేల కోట్ల రూపాయల పైమాటే. మన రాష్ట్రంలో భాగానికి 2022 నవంబరు 12న మన విశాఖలోనే, ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మీలో చాలామంది ఆ రోజు వెళ్లే ఉంటారు. ఈ ఒక్క భాగానికే 3,750 కోట్లకు పైగా అవుతుందని అప్పుడు చెప్పారు.

మన వంద కిలోమీటర్లను నాలుగు ప్యాకేజీలుగా విడగొట్టారు. ఒడిశా సరిహద్దులో ఆలూరు నుంచి జక్కువ, జక్కువ నుంచి కొర్లాం, కొర్లాం నుంచి కంటకాపల్లి, కంటకాపల్లి నుంచి సబ్బవరం. సబ్బవరం దగ్గర అది ఆనందపురం, అనకాపల్లి బైపాస్‌లో కలుస్తుంది. ఈ పేర్లు పేపర్లో చదివితే ప్యాకేజీల పేర్లలాగే ఉంటాయి. నాకు మాత్రం ఒక్కొక్క పేరు వెనక ఒక చెరువు, ఒక మామిడి తోపు కనిపిస్తాయి. ఉద్యోగంలో సగం ఆ పక్కనే తిరిగాను.

కొండల మీంచి సముద్రానికి దారి కావాలన్న కోరిక ఇవాళ్టిది కాదు. రోడ్డు లేని రోజుల్లో బంజారాలు ఎద్దుల మందల మీద పెరికలు, అంటే రెండు పక్కలా వేలాడే సంచులు, వేసుకుని నాగపూర్ వైపు నుంచి, బస్తర్ వైపు నుంచి సాలూరు మీదుగా కిందికి దిగేవారు. ధాన్యం కిందికి వచ్చేది, ఉప్పు పైకి వెళ్లేది. మన తీరంలో పండిన ఉప్పు జయపురం కొండల్లో కూరలో పడాలంటే ఆ ఎద్దులు రోజుల తరబడి ఘాట్ ఎక్కాలి. తర్వాత రైలు వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వెళ్లే లైను 1931లో పూర్తయింది. రెండేళ్లకు, 1933 అక్టోబరు 7న మన రేవులోకి మొదటి ఓడ వచ్చింది. జలదుర్గ దాని పేరు. ఈ రెండు తేదీలను విడివిడిగా చూడకండి. బ్రిటిష్ వాళ్ల కాలంలో సెంట్రల్ ప్రావిన్సెస్ అన్న మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రానికి చేర్చాలనే కదా ఆ రైలు, ఈ రేవు రెండూ కట్టారు! డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన పాత ఓడల్లో రాళ్లు నింపి ముంచి మరీ అలలకు అడ్డం కట్టారు. రైలు ముందు వచ్చింది, రేవు వెంటనే వచ్చింది, రెండూ ఒకదానికొకటి అందాయి. ఈ అందడం అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస, కిరండూల్ లైను వేశారు. అది వేరే పెద్ద కథ, ఇవాళ వద్దు.

రోడ్డు మాత్రం పాతదే మిగిలిపోయింది. పాత నంబరు 43. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా నంబర్లు మారి, మన వైపు ముక్కకు 26 అయింది. కొరాపుట్ దాటి సుంకి వస్తుంది. అక్కడి నుంచి పి.కోనవలస ఘాట్ దిగి సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా నాతవలస దగ్గర పదహారో నంబరు హైవేలో కలుస్తుంది. ఆ ఘాట్‌లో రాత్రిపూట ఒక్కసారైనా లారీ క్యాబిన్‌లో కూర్చుని దిగితే తెలుస్తుంది. లోడు మీద దిగే బండి బ్రేకు డ్రమ్ములు కాలిన వాసన మలుపు మలుపుకీ ముక్కుకు కొడుతుంది. ఎక్కే బండి ఆగిపోతే క్లీనర్ దూకి వెనక చక్రం కింద బండరాయి పెడతాడు. బండి కదిలాక ఆ రాయి తీసేంత టైము ఉండదు. అది అక్కడే ఉండిపోతుంది. తర్వాత చీకట్లో వచ్చే మోటారు సైకిలు వాడికి అదే గండం. నా సర్వీసులో పొద్దున్నే జీపు ఆపి, గ్యాంగ్ కూలీలతో ఆ రాళ్లు ఏరించిన రోజులకు లెక్కలేదు. క్లీనర్‌ని తిట్టేవాణ్ని కాదు. పందొమ్మిదేళ్ల కుర్రాడు, ఇరవై టన్నుల బండి వెనక్కి జారుతుంటే ఇంకేం చేస్తాడు?

అందుకని ఈ కొత్త రోడ్డు అంటే నాకు గట్టి ఆశ ఉంది. ఆ ఘాట్ మలుపులు లారీలకు తప్పుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో కేశ్‌కాల్ కొండ కింద 2.79 కిలోమీటర్ల జంట సొరంగం వేస్తున్నారు. పన్నెండు గంటల ప్రయాణం అయిదు గంటలకు వస్తుందని కేంద్రం చెబుతోంది. అయిదు కాకపోయి ఏడైనా నేను సంతోషిస్తాను. రాయ్‌పూర్‌లో సాయంత్రం బియ్యం లోడు ఎత్తిన డ్రైవరు తెల్లారేసరికి మన రేవులో ఉంటాడు, మర్నాడు రాత్రికి ఇంట్లో అన్నం తింటాడు. సాలూరు ఊరు ఊరంతా లారీల మీద బతుకుతుంది. ఓనర్లు, డ్రైవర్లు, మెకానిక్‌లు, బాడీ కట్టేవాళ్లు, టైరు పంక్చర్ వాళ్లు, దాబాలు. లారీ తొందరగా తిరిగితే ట్రిప్పులు పెరుగుతాయి, మంచిదే. కానీ ఘాట్ ఎక్కేముందు ఆగే బండి ఇక ఊళ్లో ఆగదు. ఆ గ్యారేజీలకు, దాబాలకు కొత్త రోడ్డు ఎక్కి దిగే ఇంటర్‌చేంజి దగ్గర చోటు ఎవరిస్తారు? ఈ మాట ఇప్పుడే అడగాలి. రోడ్డు తెరిచాక అడిగితే అప్పటికే ఆ చోటు ఎవరో పెద్దవాళ్లు కొనేసి ఉంటారు.

ఇప్పుడు మన వంద కిలోమీటర్ల సంగతి. ఇది యాక్సెస్ కంట్రోల్డ్ రోడ్డు. అంటే ఇష్టమొచ్చిన చోట ఎక్కడం, దిగడం కుదరదు. ఇంటర్‌చేంజి దగ్గర మాత్రమే ఎక్కాలి. ఇలాంటి రోడ్డు మీదికి మోటారు సైకిళ్లను, ఆటోలను, ట్రాక్టర్లను రానివ్వరు. అందులో తప్పు లేదు, ఆ వేగంలో వాళ్లు ఉంటే ప్రాణాలు పోతాయి. కాకపోతే ఒకటి ఆలోచించండి. మెంటాడ మండలంలోనో, గంట్యాడ మండలంలోనో ఉన్న రైతుకు ఈ రోడ్డు ఎక్కే పని ఏడాదికి ఒక్కసారి కూడా పడదు. దాటే పని మాత్రం రోజుకు నాలుగుసార్లు పడుతుంది. ఇల్లు ఇటు, కల్లం అటు. బడి ఇటు, మేత అటు. రైతుకు రోడ్డంటే దాని పొడవు కాదు, దాని అడ్డం.

సంక్రాంతి వెళ్లిన వారంలో గంట్యాడ వైపు ఒక ఊరికి వెళ్లాను. అక్కడ రోడ్డు కోసం ఎత్తుగా మట్టి పోసే కట్ట పని అయిపోయింది. కట్ట కింద ఊరి దారి కోసం కాంక్రీటు బాక్సు కట్టారు, చిన్న అండర్‌పాస్. పని నాణ్యంగా ఉంది. ఆ మాట మనసారా చెబుతున్నాను. కాంక్రీటు అంచులు నున్నగా ఉన్నాయి, ఎక్కడా తేనెపట్టులాగా రంధ్రాలు లేవు. లోపలికి వెళ్లి తలెత్తి చూస్తే, పైకప్పు అంచుకు గడ్డిపోచలు వేలాడుతున్నాయి. ఇవేంటా అని చూస్తూ నిలబడ్డాను. నా దగ్గర టేపు ఎప్పుడూ ఉంటుంది, రిటైరైనా అలవాటు పోలేదు. తీసి కొలవడం మొదలుపెట్టాను. ఒక పెద్దాయన గట్టు మీంచి దిగి వచ్చాడు.

"ఏటి బాబూ, కొలుస్తున్నారు?"

"దీని ఎత్తు చూస్తున్నాను తాతా. మీ ట్రాక్టరు పడుతోందా ఇందులోంచి?"

"ఒట్టి ట్రాక్టరు ఎల్లిపోద్ది. గడ్డేసుకొస్తేనే పైన రాసుకుంటాది. సగం లోడే తెస్తన్నాం. రెండు తడవలు తోలాల."

మేం మాట్లాడుతుండగానే వరిగడ్డి ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు కుర్రాణ్ని ఆపమని, వెదురు కర్ర నిలబెట్టి లోడు ఎత్తు కొలిచాం. నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. బాక్సు ఎత్తు నాలుగు మీటర్లు. ఇరవై సెంటీమీటర్లు, అంటే ఇదిగో, నా జానెడు. ఆ జానెడు కోసం ఆ ఊళ్లో ప్రతి రైతూ ప్రతి ఏడూ గడ్డిని రెండు ట్రిప్పులు తోలాలి. డీజిలు రెండింతలు, కూలి రెండింతలు. కట్ట వేయకముందు ఊళ్లో ఒక రోజు నిలబడి గడ్డి లోడు ఎంత ఎత్తు వెళుతుందో చూసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు పైకప్పు లేపలేరు. కింద దారిని ఒక అడుగు తవ్వి, నీళ్లు నిలవకుండా పక్క కాలువ వాలు సరిచేస్తే ఇంకా వీలుంది. ఆ మాటే ఒక కాగితం మీద బొమ్మ గీసి, కొలతలు వేసి పెద్దాయన చేతికిచ్చాను. గ్రామసభ తీర్మానంతో కలిపి ప్రాజెక్టు ఆఫీసులో ఇమ్మన్నాను. జాబు వస్తుందో లేదో చూడటానికి నేనూ మళ్లీ వెళ్తాను.

ఇదే రోడ్డుకు ఛత్తీస్‌గఢ్‌లో ఉదంతి అభయారణ్యం దగ్గర అడవి జంతువులు దాటడానికి 27 దారులు, కోతులు రోడ్డు పైనుంచి దాటడానికి 17 పందిళ్లు పెడుతున్నారు. చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కోతి ఎటునుంచి ఎటు దూకుతుందో చూసి డిజైను చేశారంటే చేయగల ఇంజనీర్లు మనకు ఉన్నారన్నమాటే కదా! ఆ ఓపిక జామి మండలంలో ఆవుల మందకూ, లక్కవరపుకోట వైపు బడికి సైకిలు మీద వెళ్లే ఆడపిల్లకూ కూడా దక్కాలి.

ఇక గెడ్డలు, అంటే కొండల నుంచి దిగే వాగులు. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోకండి.

మన ఉత్తరాంధ్రలో నీళ్లన్నీ పడమటి కొండల్లో పుట్టి తూర్పుకు సముద్రంలోకి పోతాయి. చంపావతి అంతే, గోస్తని అంతే. వాటిలో కలిసే వందలాది గెడ్డలూ అంతే. ఈ రోడ్డు ఆలూరు నుంచి సబ్బవరానికి దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. అంటే దారి పొడవునా నీటికి అడ్డంగా వెళుతుంది. నదుల మీద పెద్ద వంతెనలు కడతారు, వాటికి లెక్కలు గట్టిగానే వేస్తారు. నాకు దిగులల్లా చిన్న గెడ్డల గురించే. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటాయి. సర్వే వాడు వేసవిలో వస్తే అది గెడ్డని కూడా గుర్తుపట్టడు. పశువుల దారి అనుకుంటాడు. వానొచ్చినప్పుడు ఆ దారినే కొండ నీళ్లు దిగి చెరువు నిండుతుంది.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నా చేతుల మీదుగా జరిగిన తప్పు చెబుతున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోడ్డు వెడల్పు పనిలో ఉన్నాను. ఊరి పేరు వద్దు. అక్కడ పాత రాతి తూము ఒకటి ఉండేది. దాన్ని తీసేసి కొత్త పైపు కల్వర్టు వేయించాను. పైపు అడుగు మట్టం పాత తూము కంటే జానెడు ఎత్తులో పడింది. జానెడే కదా అని వదిలేశాను. ఆ ఏడు వానలకు గెడ్డ నీరు కల్వర్టు ఎక్కలేక పక్కకు మళ్లి, ఒకరి చేను కోసుకుపోయింది. చెరువుకు సగం నీళ్లే చేరాయి. తర్వాతి ఏడు కూడా అంతే. రెండేళ్లు ఆ చెరువు కింద ఊడుపులు సరిగ్గా పడలేదు. ఒకామె మా ఆఫీసుకు నడిచొచ్చి, నా బల్ల ముందు నిలబడి ఏమీ అనలేదు. ఎండిన చెరువు మట్టి గడ్డ ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మూడో ఏడు పైపు తవ్వించి కిందికి దింపించాను. ఆ మట్టి గడ్డ చాలాకాలం నా దగ్గరే ఉంచుకున్నాను.

అందుకే కొత్త కట్ట వెంబడి నడిచినప్పుడు నేను తారు చూడను, తూముల మట్టం చూస్తాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2021 సెప్టెంబరులో గులాబ్ మనకు ఎంత వాన ఒక్క రోజులో పడగలదో చూపించాయి. అలాంటి వాన రేపు పడితే ఈ కట్టకు పడమటి పక్క ఊళ్లు నిలుస్తాయా లేదా అన్నది ఆ తూముల మీదే ఉంది. ఇంకో మాట. గంట్యాడ మండలంలో గోస్తని మీద తాటిపూడి రిజర్వాయర్ ఉంది కదా, ఆ నీళ్లు మన విశాఖకు వస్తాయి. మనం ఇక్కడ కుళాయి తిప్పితే వచ్చేది ఆ గెడ్డల నీళ్లే. కాబట్టి ఇది అక్కడి రైతుల గొడవ, మనకెందుకు అని ఈ హాల్లో ఎవరూ అనుకోకూడదు.

ఊళ్లవాళ్లకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఈ పనులు హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో ఇచ్చారు. కట్టేటప్పుడు ఖర్చులో 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది. మిగతా 60 శాతం నిర్మాణ సంస్థ తెచ్చుకుని పెట్టాలి. ఆ డబ్బును తర్వాత 15 ఏళ్లు వాయిదాలుగా తీసుకుంటుంది. ఆ పదిహేనేళ్లూ రోడ్డు బాగోగులు దాని బాధ్యతే. బాగోగులంటే తారు ఒక్కటే అనుకుంటారు చాలామంది. అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచినా, పక్క కాలువ పూడినా, తూములో తుప్పలు పెరిగినా అది కూడా బాగోగుల కిందికే వస్తుంది. ఫొటో తీసి, తేదీ వేసి, కిలోమీటరు రాయి నంబరుతో రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే ఎవరూ పట్టించుకోరు. నేను ఆఫీసులో బల్లకు అవతల కూర్చున్నవాణ్ని, నాకు తెలుసు.

పరిహారం గురించి ఒక్క ముక్క. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం లెక్కకట్టడం 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తోంది. జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి ఉన్నవాళ్లు ఎలాగో కాగితాలు చూపించి తీసుకుంటారు. జీడిమామిడి తోట వేసుకుని, ఇరవై ఏళ్లుగా సాగు చేస్తూ, చేతిలో సరైన కాగితం లేని గిరిజన కుటుంబాలే పాచిపెంట వైపు నన్ను ఆపి అడిగాయి. చెట్టు లెక్క వేరు, భూమి లెక్క వేరు. భూమి మీద హక్కు తేలకపోయినా, నాటి పెంచిన చెట్టుకు రావాల్సింది అడగండి, వదులుకోకండి అని చెప్పి వచ్చాను.

ఇప్పుడు మళ్లీ అందడం దగ్గరకు వస్తాను. వంద కిలోమీటర్లూ పూర్తయి, సబ్బవరం దగ్గర రిబ్బను కట్ చేశారనుకోండి. ఇరవై టన్నుల కంటైనర్ లారీ రాయ్‌పూర్ నుంచి అయిదారు గంటల్లో అక్కడికి వచ్చింది. తర్వాత? సబ్బవరంలో సముద్రం లేదు. రేవుకు చేరాలంటే లంకెలపాలెం, గాజువాక మీదుగానో, పెందుర్తి, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగానో రావాలి. గాజువాక జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడిన వాళ్లెవరికైనా చెప్పక్కర్లేదు. స్కూటర్ మీద పిల్లాణ్ని ట్యూషన్‌కు తీసుకెళ్లే తల్లి పక్కన, ఆమె నడుము కంటే ఎత్తుగా లారీ చక్రం తిరుగుతూ ఉంటుంది. ఆ లారీలకు ఇంకా వందలు తోడైతే?

దీనికి మందు కాగితం మీద ఉంది. సబ్బవరం నుంచి షీలానగర్ దాకా 12.66 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు, నంబరు 516సీ. అక్కడి నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డు. ఈ రెండూ అందితేనే రాయ్‌పూర్ లారీ ఊరి మనుషులను తాకకుండా రేవు గేటుకు చేరుతుంది. 465 కిలోమీటర్ల పక్కన 12 కిలోమీటర్లు ఎంత అనిపిస్తుంది. కానీ ఊరి శివార్లలో భూమి ధర ఎక్కువ, ఇళ్లు ఎక్కువ, కోర్టు కేసులు ఎక్కువ. కొండను తొలవడం కంటే ఈ ముక్కే కష్టం. 1931లో రైలు, 1933లో రేవు అన్నాను కదా. రెండేళ్ల తేడా అప్పుడు చెల్లింది, రేవు లేని ఆ రెండేళ్లూ రైలు బరువు ఊళ్ల మీద పడలేదు. ఇప్పుడు ఒక్క ఏడాది తేడా వచ్చినా ఆ బరువంతా గాజువాక, పెందుర్తి మోస్తాయి. పెద్ద రోడ్డుకు 2026 డిసెంబరు అని గడువు చెప్పారు. మన ప్రజాప్రతినిధులను అడగాల్సింది ఆ తేదీ గురించి కాదు. 12.66 కిలోమీటర్ల తేదీ ఏది అని అడగండి. ప్రతి సమావేశంలో అదే అడగండి.

ఇంకొకటి, లారీలు ఆగే చోటు. పోర్టులో టోకెన్ వచ్చేదాకా డ్రైవరు ఎక్కడ ఆగాలి? స్నానానికి నీళ్లు, బాత్రూము, పడుకోవడానికి నీడ లేకపోతే రోడ్డు పక్కనే పెడతాడు. రాత్రంతా నడిపి వచ్చిన మనిషి రెండు గంటలు నిద్రపోవడానికి మంచం ఉన్న ట్రక్ పార్కింగ్ సబ్బవరం దగ్గర రావాలి. దీనికి వేల కోట్లు అక్కర్లేదు.

కాబట్టి రోడ్డు ఎంతవరకు వచ్చిందని అడిగితే నేను చెప్పగలిగింది ఇదీ. కట్టలు వచ్చాయి, వంతెనల దిమ్మలు వచ్చాయి, చాలాచోట్ల తారు కూడా వచ్చింది. గంట్యాడ వైపు ఆ ఊరికి ఇంకా ఒక జానెడు తక్కువ వచ్చింది. గాజువాకకు ఇంకా రాలేదు.

వానలు మొదలయ్యాక మొదటి పెద్ద వాన మర్నాడు నేను మళ్లీ ఆ కట్ట వెంబడి వెళ్తున్నాను. కొర్లాం నుంచి కంటకాపల్లి వైపు, తూములు చూసుకుంటూ. సివిల్ చదువుతున్న పిల్లలు ఎవరైనా వస్తామంటే తీసుకెళ్తాను. టేపు, గొడుగు, మోకాలి దాకా వచ్చే బూట్లు తెచ్చుకోండి. ఒక నోటుబుక్కు కూడా.

ఇప్పుడు మీరు అడగండి. సాలూరు నుంచి వచ్చిన మిత్రులు చివరి బస్సు అందుకోవాలి కాబట్టి, మైకు ముందు వాళ్లకిస్తున్నాను.